ఫైబర్ బోటుకి ఎండలో అంటుకుపోయిన మాస్కింగ్ టేపు జిగురు ఎలా వదలగొట్టాలి?

మీ ప్రశ్న ఇదీ: చెన్నై కాశిమేడు రేవులో ఒడ్డుకెక్కించిన ఫైబర్ బోటుకి చారలు వేయడానికి మాస్కింగ్ టేపు అంటించి, మూడు వారాలు అలాగే వదిలేశారు. ఇప్పుడు పీకితే కాగితం ముక్కలు ముక్కలుగా వస్తోంది, గోధుమరంగు జిగురు మిగిలిపోతోంది. పెట్రోలుతో తుడిచి బ్లేడుతో గీకేయమని పక్కబోటు వాళ్లు చెబుతున్నారు.

ఆ రెండూ వద్దండి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. బోటు అడుక్కి దిగి అక్కడే నిలుస్తుంది, బ్యాటరీ దగ్గర ఒక్క నిప్పురవ్వ చాలు. ఇక బ్లేడు. ఫైబర్ మీద ఉండే నున్నటి రంగు పైపూత, అంటే జెల్‌కోట్, మందమే అర మిల్లీమీటరు అటూ ఇటూ. బ్లేడు మూల ఒకసారి దిగిందంటే ఆ గీత పాలిష్‌కి పోదు. గాజు అద్దం మీదైతే బ్లేడు వాడుకోండి.

మామూలు మాస్కింగ్ టేపుది రబ్బరు జాతి జిగురు. ఎండకి మొదట మెత్తబడి సాగుతుంది, ఆ తర్వాత గట్టిపడి పెళుసెక్కుతుంది. మెత్తగా ఉన్న దశలో టర్పెంటైన్‌కి ఇట్టే కరుగుతుంది. గట్టిపడ్డాక మాత్రం పూర్తిగా కరగదు, నాని ఉబ్బుతుందంతే. మూడు వారాల ఎండ తిన్నది కాబట్టి మీది చాలావరకు రెండో రకమే అయివుంటుంది. ఎంత రుద్దినా చేతులు నొప్పెట్టడమే, నానబెట్టి లేపాలి.

ముందు కాగితం సంగతి చూడండి. పొద్దున్నే, బోటు నీడలో ఉండగా మొదలుపెట్టండి. మధ్యాహ్నం ఎండలో జిగురు తీగలు సాగి పక్కలకి పూసుకుంటుంది. హెయిర్ డ్రయర్‌ని నాలుగంగుళాల దూరంలో పట్టి, ఒక్కోసారి జానెడు మేర వేడి చేయండి. చేయి ఆనిస్తే ఓర్చుకోగలిగినంత వేడి చాలు. టేపు కొస లేపి, వెనక్కి మడిచి, నెమ్మదిగా లాగండి. విసురుగా లాగితే కాగితం చిరుగుతుంది. హీట్ గన్ ఉందని సంబరపడకండి. ఫైబర్ బోటు తయారీలో వాడే మామూలు పాలియెస్టర్ రెజిన్ 70 డిగ్రీల పైన మెత్తబడటం మొదలవుతుంది, ఒకేచోట నిలిపితే జెల్‌కోట్ బుడగలెత్తుతుంది.

మిగిలిన జిగురుకి పెయింట్ షాపులో దొరికే మినరల్ టర్పెంటైన్ సరిపోతుంది. అంగుళం వెడల్పు చార ఆరు మీటర్లుంటే పావు లీటరు చాలు. పాత బనియన్ గుడ్డని రెండంగుళాల పట్టీలుగా చింపి, టర్పెంటైన్‌లో తడిపి చార పొడవునా అంటించండి. ఆరిపోకుండా పైన పాలిథీన్ కవరు కప్పి, అంచులకి తడిగుడ్డ నొక్కిపెట్టండి. 20 నిమిషాలు ముట్టుకోవద్దు. తర్వాత పాత ఏటీఎం కార్డు లాంటి ప్లాస్టిక్ అంచుతో నెట్టి చూడండి. నలుగు పెట్టి రుద్దితే ఒంటిమీద మట్టి వత్తులు వత్తులుగా వస్తుందే, జిగురూ అచ్చం అలాగే చుట్టుకుంటూ లేవాలి. పొడిపొడిగా రాలుతుంటే ఇంకా నానలేదని అర్థం, గుడ్డ మళ్లీ తడిపి మరో పది నిమిషాలు ఆగండి.

చివరికి పల్చటి పొరేదైనా మిగిలితే అప్పుడే అసిటోన్. గుడ్డ తడిపి ఒక్కవైపుకే తుడవాలి, ప్రతిసారీ గుడ్డ మడత మార్చాలి. మొదటే అసిటోన్ పట్టుకుంటే జిగురు నానేలోపే అది ఎగిరిపోతుంది, చార కాస్తా పెద్ద మరకవుతుంది. ఎనామిల్‌తో రాసిన రిజిస్ట్రేషన్ నంబరు దగ్గరికి అసిటోన్‌ని, ఎన్‌సీ థిన్నర్‌ని (లక్క రంగుల్లో కలిపే ఘాటు థిన్నర్) అసలు రానివ్వకండి, అక్షరాలు ఊడొస్తాయి. కొత్త ఎనామిల్‌ని టర్పెంటైన్ కూడా మెత్తబరుస్తుంది. అక్కడ కొబ్బరినూనె రాసి రాత్రంతా వదిలేయడమే మంచిది. బోటు ముందుభాగంలో గాలిని ఆపే పారదర్శకపు ప్లాస్టిక్ అద్దానికీ అంతే. అసిటోన్ తగిలితే సన్నటి పగుళ్లు పడతాయి.

ఫోమ్ ఉన్న డబుల్ సైడ్ టేపు వేరే కథ. సాధారణంగా దానిది యాక్రిలిక్ జిగురు, టర్పెంటైన్‌కి పెద్దగా లొంగదు. నైలాన్ గాలపుదారంతో రంపం కోసినట్టు ఫోమ్‌ని కోసి, మిగిలినదాన్ని కాస్త వేడిచేసి బొటనవేలితో ఉండలు చుట్టి తీయండి.

ఇంకో మాట. జిగురంతా పోయాక కూడా చార కనిపిస్తుంటే దానిమీద గోరు గీసి చూడండి. గోరు నున్నగా జారిపోతే అక్కడ జిగురు లేదు. చుట్టుపక్కల జెల్‌కోట్ ఎండకి వెలిసిపోయింది, టేపు కింద ఉన్నది మాత్రం వెలవలేదు, ఆ తేడానే చారలా కనిపిస్తోంది. దీన్ని జిగురనుకుని గంటలకొద్దీ థిన్నర్ రుద్దేవాళ్లున్నారు. దానికి రబ్బింగ్ కాంపౌండ్ కొట్టి, వెలిసిన పొర తీయడమే మార్గం.

రంగు వేసేముందు గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బుతో రెండుసార్లు కడగండి, ఉప్పునీరు కాకుండా మంచినీళ్లతో. తర్వాత నీళ్లు చల్లండి. పలకలా పరుచుకుని నిలిస్తే సరే. తామరాకు మీద నీటిబొట్లలా విడిపోతే నూనె ఇంకా ఉన్నట్టే. దానిమీద రంగు వేస్తే అక్కడక్కడా గుండ్రంగా విరిగి కింది జెల్‌కోట్ కనిపిస్తుంది.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపల వేట నిషేధం కాబట్టి అందరి బోటు పనులూ సరిగ్గా మండుటెండల్లోనే పడతాయి. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో మామూలు టేపుని ఒక్కరోజు కూడా నమ్మొద్దు, రంగు వేలికి అంటనంత ఆరగానే అదే పూట లాగేయండి. పని సాగుతుందనుకుంటే నీలంరంగు పెయింటర్స్ టేపు కొనండి. ఎండలో ఎన్నిరోజులు ఉంచొచ్చో దాని ప్యాకింగ్ మీదే రాసివుంటుంది. మన ఎండకి అందులో సగమే లెక్కేసుకోండి.