సంచి ఖాళీగా తిరిగి రాకూడదంటే: చేపల మీద పాఠకుల ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం చేపల రేట్ల గురించే. చాలామంది "ఇక మానేద్దామనుకుంటున్నాం" అని రాశారు. నా పుట్టిల్లు సూళ్లూరుపేట వైపు, మెట్టినిల్లు తిరుపతి. చేప లేని వారం నాకు వారంలా ఉండదు. మానేయకండి. కొనే పద్ధతి కాస్త మార్చుకుంటే చాలు.

అక్కా, మా మామగారికి ఆదివారం వంజరం వేపుడు ఉండాల్సిందే. మే నెలలో కిలో రేటు విని సంచి మడిచి తిరిగొచ్చేశాను. రేటు ఎప్పటికైనా దిగుతుందా?
– ఒక గృహిణి, చంద్రగిరి

దిగుతుందమ్మా, కానీ మీరు వెళ్లిన నెల అలాంటిది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు తీరమంతా మరబోట్ల మీద వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆపుతారు. మన ఊరికి సముద్రపు చేప వచ్చే దారులు ముఖ్యంగా రెండు. ఒకటి నెల్లూరు తీరం, రెండోది చెన్నైలోని కాసిమేడు హార్బర్. తమిళనాడులోనూ నిషేధం అవే తేదీల్లో కాబట్టి రెండు దారులూ ఒక్కసారే మూసుకుంటాయి. ఆ రోజుల్లో ఇక్కడ పెద్ద వంజరం కనిపించిందంటే చాలావరకు అది కేరళ, మంగళూరు వైపు నుంచి ఐసు పెట్టెల్లో వచ్చిందో, కోల్డ్ స్టోరేజీలోంచి తీసిందో అయ్యుంటుంది. పైగా మేలోనే మన గంగమ్మ జాతర. ఇంటింటా చుట్టాలు, కోడికీ చేపకీ గిరాకీ.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పడమటి తీరంలో నిషేధం జూన్ 1న మొదలై జులై 31 దాకా ఉంటుంది. అంటే జూన్ మొదటి రెండు వారాలు అటు సముద్రమూ మూతే, ఇటు సముద్రమూ మూతే. ఆ పద్నాలుగు రోజులు మాత్రం సముద్రపు పెద్ద చేప కొనొద్దని గట్టిగా చెబుతాను. డబ్బు ఎక్కువ పెట్టి పాత చేప తెచ్చుకోవడం ఎందుకు? ఆ రోజుల్లో చెరువు చేప తినండి. శీలావతి, బొచ్చె కొల్లేరు వైపు నుంచీ నెల్లూరు చెరువుల నుంచీ ఏడాదంతా వస్తాయి, వాటికి నిషేధంతో పని లేదు. ఎండాకాలం మన ఊళ్ల చెరువుల్లో నీళ్లు తగ్గి వలలు వేసేది కూడా అప్పుడే. ఏ ఊరి చెరువులో పడుతున్నారో కనుక్కొని పొద్దున్నే వెళ్తే బతికున్న చేపే దొరుకుతుంది.

జూన్ 14 దాటాక బోట్లు కదులుతాయి. పెద్ద బోటు వెళ్లిందంటే కొన్ని రోజులు సముద్రంలోనే ఉంటుంది కాబట్టి మార్కెట్లో తేడా తెలిసేది నెలాఖరుకే. అప్పుడు కూడా వంజరం పాత రేటుకు వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. డీజిల్, ఐసు, కూలి ఒకసారి పెరిగాక మళ్లీ దిగడం నేను చూడలేదు.

ఇక మీ మామగారి సంగతి. పెద్దాయన ఇష్టం తీసేయమని చెప్పను. నెలకో ఆదివారం ఆయన మటుకు రెండు ముక్కలు వంజరం వేయించి పెట్టండి. మిగతా వారాలు పార గానీ మాగ గానీ అడగండి. రెండూ అడ్డంగా ముక్క కోయడానికి వస్తాయి, ముళ్లు ఏరుకునే బాధ తక్కువ. కారం, పసుపు, మిరియాల పొడి, నిమ్మరసం పట్టించి అరగంట పక్కన పెట్టి, చెనిక్కాయ నూనెలో సన్న సెగన వేయించి వడ్డించండి. ఏం చేపో ముందే చెప్పకండి, తిన్నాక చెప్పండి.

మేడం, నేను శ్రీసిటీలో ఉద్యోగం చేస్తూ తడలో రూమ్‌లో ఉంటున్నాను. యాప్‌లో క్లీన్ చేసిన ముక్కలు అరకిలో తెప్పించుకుంటే చాలా ఖర్చవుతోంది. మార్కెట్‌కెళ్లి చేప మొత్తం కొంటే నిజంగా కలిసొస్తుందా?
– ఒక యువకుడు

లెక్క చూద్దాం నాయనా. రెండు కిలోల శీలావతి కిలో 200 చొప్పున కొన్నావనుకో, 400 అయింది. పొలుసు, పేగులు, మొప్పలు తీయించాక తలతో కలిపి ఇంటికొచ్చేది సుమారు కిలో 400 గ్రాములు. అంటే శుభ్రం చేసిన కిలో 285 పడినట్టు. తల వద్దని వదిలేస్తే ఇంకా పెరుగుతుంది. యాప్‌లో చూపించే రేటును పోల్చాల్సింది ఈ 285తో. 200తో పోల్చుకుంటే యాప్ వాళ్లు నిలువునా దోచేస్తున్నట్టు కనిపిస్తుంది. రోజూ రేటు మారొచ్చు, లెక్క కట్టే తీరు మాత్రం ఇదే.

అదే రొయ్యలైతే తల, పొట్టు తీశాక దాదాపు సగానికి సగం పోతాయి. 350 పెట్టి కిలో కొంటే తినే రొయ్య కిలో 700 పడుతుంది. నెత్తళ్ల లాంటి చిన్న చేపల్లో పోయేది తల, కాసింత పేగు. అందుకే నీలాంటి వాళ్లకు నెత్తళ్లు, కవళ్లు, కానాగంతలు మేలు. కవళ్లలోనూ కానాగంతల్లోనూ మంచి కొవ్వు, ఒమేగా-3, బాగా ఉంటుంది. నెత్తళ్లను ముల్లుతో సహా నమిలేస్తాం కాబట్టి కాల్షియం కూడా దక్కుతుంది. ఖరీదైన చేపలోనే బలం ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు.

ఒక్కడివే కాబట్టి ఇద్దరు ముగ్గురు రూమ్మేట్లు కలిసి ఒక చేప కొని పంచుకోండి. కోయించిన ముక్కలు కడిగి, నీళ్లు ఓడ్చి, ఉప్పు పసుపు రాసి ఒక్కో పూటకు సరిపడా విడివిడి డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టుకో. కరిగించింది మళ్లీ గడ్డ కట్టించొద్దు.

అమెరికా సుంకాల వల్ల రొయ్యల రేటు పడిపోయిందని పేపర్లో చదివాం. మరి మా చిత్తూరులో ఎందుకు తగ్గలేదు?
– ఒక ఉపాధ్యాయుడు, చిత్తూరు

మంచి ప్రశ్న సార్. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకం 50 శాతానికి పెంచేసరికి ముందు దెబ్బ తిన్నది రొయ్యల రైతు. మన రాష్ట్రంలో పెంచేది ఎక్కువగా వనామి రకం రొయ్య, అందులో పెద్ద భాగం ఎగుమతికే. రైతు చెరువు గట్టున రేటు పడినంత మాత్రాన చిత్తూరు బజార్లో పడదు. మధ్యలో ఐసు, బండి, దారిలో చెడిపోయేది, అంగడి ఖర్చు ఉంటాయి. పైగా మన దగ్గర రొయ్య అమ్ముడుపోయేది తక్కువ. పదికిలోలు తెచ్చి నాలుగు మిగిలితే ఆ నష్టం మిగతా ఆరు కిలోల మీదే పడుతుంది.

కౌంట్ అడిగి కొనండి. కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో అదే కౌంట్. 30 కౌంట్ అంటే పెద్దవి, ఖరీదు. ఇంట్లో ఇగురుకూ పులావుకూ 70, 80 కౌంట్ హాయిగా సరిపోతుంది, రుచికి ఏ లోటూ ఉండదు. కాలనీలో నాలుగిళ్లు కలిసి ముందురోజే చెప్పి తెప్పించుకుంటే అంగడివాళ్లకు మిగిలిపోతుందన్న భయం ఉండదు, బేరమూ కుదురుతుంది. మనం ఇక్కడ తినడం పెరిగితే ఆ రైతుకు ఎక్కడో ఒక దేశం నిర్ణయం మీద బతికే గతి కొంతైనా తప్పుతుందని నా ఆశ.

మా చిన్నప్పుడు పులికాట్ పీతలు, రొయ్యలు గంపలకొద్దీ వచ్చేవి. ఇప్పుడేమయ్యాయి?
– ఒక పెద్దాయన, శ్రీకాళహస్తి

ఈ ఉత్తరం చదివి మనసు కలుక్కుమంది. పులికాట్ బతికేది సముద్రంతో నీళ్లు ఇచ్చిపుచ్చుకుంటేనే. ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతే సముద్రపు నీరు రాదు, దాంతోపాటు వచ్చే రొయ్యపిల్లా చేపపిల్లా రావు. వానలు సరిగా లేని ఏడాది మన వైపు సరస్సు ఎండి తెల్లగా బీటలు వారుతుంది. పూడిక తీయాలని అక్కడి పల్లెకారులు ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నారు. ఇక మంచి మండపీత పడిందంటే బతికుండగానే చెన్నై మీదుగా సింగపూర్ లాంటి చోట్లకు విమానం ఎక్కుతుంది, ఆ రేటుకు మనం కొనలేం. వానలు బాగా పడి సరస్సు నిండాక, సంక్రాంతి ముందూ వెనకా, ఒకసారి సూళ్లూరుపేట వైపు వెళ్లి చూడండి. చిన్న పీతలు దొరుకుతాయి. పులుసుకు అవే బాగుంటాయి కూడా.

తాజా చేపను ఎలా గుర్తుపట్టాలి?
– పుత్తూరు, రేణిగుంట నుంచి చాలామంది

మొప్ప ఎత్తి చూడండి, ఎర్రగా ఉండాలి. గోధుమ రంగుకు తిరిగితే వద్దు. కన్ను ఉబ్బి నిగనిగలాడాలి. వేలితో నొక్కితే పడిన గుంత వెంటనే పైకి లేవాలి. వాసన సముద్రపు వాసనలా ఉండాలి తప్ప ముక్కుకు ఘాటు తగలకూడదు. మొప్ప ఎత్తనివ్వని చోట కొనకండి. సాయంత్రం సగం ధరకు ఇస్తామంటే, పొద్దుటి నుంచి ఐసులో ఉందా, బల్ల మీద ఎండకు ఉందా అన్నది చూసుకోండి.

రాగి సంగటిలోకి తక్కువ చేపతో ఇంటిల్లిపాదికీ సరిపోయే పులుసు చెప్పండి.
– ఒక చెల్లెలు, పలమనేరు

తోతాపురి కాయలున్న మన జిల్లాలో దీనికి కొదవేముంది! అరకిలో కానాగంతలు చాలు. తల తీయించి, ఒక్కోటి రెండు ముక్కలు చేయించండి. మట్టిచట్టిలో నూనె కాగాక మెంతులు, కరివేపాకు, గుప్పెడు చిన్న ఎర్రగడ్డలు, ఒక తెల్లగడ్డ రెబ్బలన్నీ వేసి బాగా మగ్గనివ్వండి. రెండు టమాటాలు, పసుపు, కారం, ధనియాల పొడి వేసి నూనె పైకి తేలేదాకా కదపాలి. పులుసు చిక్కదనమంతా ఇక్కడే వస్తుంది, తొందరపడొద్దు. మామిడికాయ వేస్తాం కాబట్టి మామూలుగా వేసే చింతపండులో సగమే నానబెట్టి రసం పోయండి. ఉప్పు వేసి, పులుసు తెర్లాక సగం తోతాపురి కాయ పొట్టుతోనే పెద్ద ముక్కలు కోసి వేయండి. మామిడి ముక్క సగం ఉడికాక చేప ముక్కలు వేయండి. ఇక గరిటె పెట్టకూడదు, చట్టిని గుడ్డతో పట్టుకుని తిప్పడమే. ఏడెనిమిది నిమిషాలకు దించేయొచ్చు.

పొద్దున చేసింది సాయంత్రం తినండి. ఆలోగా మామిడి పులుపు చేపలోకి దిగుతుంది. ఒక్కొక్కరికి ఒకటి రెండు ముక్కలే వచ్చినా, సంగటి ముద్ద అద్దుకోవడానికి పులుసూ మామిడి ముక్కా ఉంటాయి కాబట్టి ఎవరికీ వెలితి తెలియదు. కానాగంతలు దొరకని రోజుల్లో ఇదే పులుసు కరువాడుతో, అంటే ఎండుచేపతో, వంకాయ వేసి చేయండి. కరువాడును వేడినీళ్లలో రెండుసార్లు కడగాలి, పులుసులో ఉప్పు తగ్గించాలి. బీపీ ఉన్నవాళ్లకు మాత్రం అది పెట్టకండి.

పెరటాసి నెల (సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా వచ్చే తమిళ నెల) అయిపోగానే చేపల రేటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, తిరుపతి

నెలంతా నీచు ముట్టని ఇళ్లన్నీ ఒకే ఆదివారం మార్కెట్ మీద పడితే ఎగబాకక ఏం చేస్తుందమ్మా! ఆ ఆదివారం వదిలేయండి. తర్వాత వచ్చే బుధవారమో గురువారమో పొద్దున ఆరున్నరకల్లా వెళ్లండి. అప్పటికే తుపాను హెచ్చరికలతో బోట్లు ఆగి ఉంటే సముద్రపు చేప అడగకుండా నేరుగా శీలావతి దగ్గరికి వెళ్లిపోండి. పెరటాసి పాటించని ఇల్లయితే ఆ నెలలోనే కొనుక్కోండి, గిరాకీ తగ్గిన ఆ రోజుల్లో అంగడివాళ్లు బేరానికి దిగుతారు, చేప ఎంచుకోవడానికీ తీరిక దొరుకుతుంది.