నా రోజా చెల్లుతుందా అక్కా?

ప్రశ్న: ఆపా, రంజాన్‌లో ఒకరోజు ఇఫ్తార్ అయ్యాక తమ్ముడు నన్ను మిద్దె మీదికి పిలిచి, తను గే అని చెప్పాడు. వాడికి 24 ఏళ్లు. "నా నమాజు, రోజా చెల్లుతాయా అక్కా?" అని ఏడ్చాడు. అప్పటినుంచి జుమాకి కూడా వెళ్లడం లేదు. మన దీన్‌లో, అంటే మన మతంలో, వాడికి చోటు లేదా?
- ఒక సోదరి, గుంటూరు

జవాబు: చెల్లుతాయమ్మా. ఈ మాట వాడికి ఇవాళే చెప్పు. పాపం చేసినంత మాత్రాన మనిషి ఇస్లాం నుంచి బయటికి పోడు. మనసులో కలిగే ఆకర్షణ వేరు, చేసే పని వేరని కఠినంగా మాట్లాడే పండితులే చాలామంది అంటారు.

నీకు అబద్ధం చెప్పను. నాలుగు సున్నీ మజ్‌హబ్‌లూ (ధర్మశాస్త్ర శాఖలు), షియా పండితులూ మగవాళ్ల మధ్య లైంగిక సంబంధాన్ని హరామనే అన్నారు. అల్లాహ్ శిక్షకు గురైన లూత్ ప్రవక్త జాతి కథే అందుకు ముఖ్య ఆధారం. శిక్ష దగ్గర మాత్రం వాళ్లలో వాళ్లకే మాట కలవలేదు. మన హనఫీ మజ్‌హబ్ ఇమామ్ అబూ హనీఫా దీనికి నిర్ణీత శిక్ష లేదని, ఖాజీ విచక్షణకు వదిలేశారు.

ఆ జాతి అసలు తప్పు అతిథుల మీద బలాత్కారం, ప్రవక్తను ధిక్కరించడం అని స్కాట్ కూగల్ లాంటి పండితులు అర్థం చెబుతున్నారు. 29వ సూరా 29వ ఆయత్‌లో ఆ జాతి దారి దోపిడీ మాట నిజంగానే ఉంది. మగవాళ్ల దగ్గరికి వెళ్లడం మాటా అక్కడే ఉంది కాబట్టి ఆ వాదన నన్ను పూర్తిగా ఒప్పించలేదు. అయినా వాళ్లు ఖురాన్‌ను వదిలేసి మాట్లాడటం లేదు, ఖురాన్ పట్టుకునే మాట్లాడుతున్నారు.

దక్షిణాఫ్రికాలో ముహ్సిన్ హెండ్రిక్స్ అనే ఇమామ్ తాను గే అని బయటికి చెప్పి, తనలాంటివాళ్లకు నమాజు చదివించేవారు. 2025 ఫిబ్రవరిలో ఆయన్ను కాల్చి చంపారు. ఆయన మాటను ఎన్నడూ ఒప్పుకోని అక్కడి ముస్లిం పండితుల సంస్థ, ముస్లిం జుడీషియల్ కౌన్సిల్ కూడా ఆ హత్యను గట్టిగా ఖండించింది.

మా మామూ కొడుకు ఒకడు ఇలాగే ఈద్ నమాజుకి రావడం మానేశాడు. షీర్ ఖుర్మా తీసుకెళ్తే గుమ్మంలోనే గిన్నె అందుకుని తలుపు వేసేవాడు. మంచం పక్కన మేకుకి తస్బీ (జపమాల) వేలాడుతూ కనబడేది. లోపలికి వెళ్లి వాడి పక్కన కూర్చోవాలని నాకు అప్పట్లో తోచలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

పెళ్లి చేస్తే సర్దుకుంటుందని ఎవరైనా అంటే తలూపకు, అవతల ఇంకో ఇంటి ఆడపిల్ల బతుకు ఉంది. పోలీసు కేసు టెన్షన్ వద్దు. ఇష్టపడిన పెద్దవాళ్ల మధ్య అలాంటి సంబంధం నేరం కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తేల్చేసింది. అమ్మీకి ఎప్పుడు చెప్పాలో వాడినే అనుకోనివ్వు, నీ నోట మాత్రం రానివ్వకు.