చిన్న జలవిద్యుత్ ఆనకట్ట బాధ్యత తీసుకున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

కొండవాగు మీది చిన్న జలవిద్యుత్ కేంద్రానికీ, దాని ఆనకట్టకూ నిన్ను ఇన్‌చార్జిగా వేశారని మీ అమ్మ చెప్పింది. మన దేశంలో 25 మెగావాట్ల వరకు ఉన్న కేంద్రాలను చిన్నవాటి కింద లెక్కిస్తారు. అయితే ఆ చిన్నతనం యంత్రాలదే తప్ప కట్ట వెనుక నిలిచిన నీటిది కాదు. ఉత్పత్తి ఎన్ని యూనిట్లని పైవారు రోజూ అడుగుతారు. కట్టకు ఊట ఎంత ఉందని అడిగేవారు అరుదు. ఆ ప్రశ్న నీకు నువ్వే వేసుకోవాలి, అదీ యూనిట్ల లెక్క చూడకముందే వేసుకోవాలి.

మట్టికట్టకు కొంత ఊట సహజమే. ఆ ఊట తీరు మారినప్పుడే భయపడాలి. దిగువ కాలువలో ఊట నీటిని కొలిచే వి-నాచ్‌ను (V ఆకారపు గాడి ఉన్న పలకను) రోజూ ఒకే వేళకు చూసి, ఆనాటి జలాశయ మట్టాన్నీ వర్షపాతాన్నీ పక్కనే రాయించు. తొంభై డిగ్రీల నాచ్‌లో నీరు పది సెంటీమీటర్ల ఎత్తున పారితే సెకనుకు సుమారు 4.4 లీటర్లు, ఆ ఎత్తు రెట్టింపైతే ప్రవాహం ఐదున్నర రెట్లు దాటుతుంది కనుక, స్కేలు మీద రెండు మూడు సెంటీమీటర్ల తేడా వచ్చినప్పుడు లస్కరు 'కొంచెం పెరిగిందండీ' అంటే ఆ మాటతో సరిపెట్టుకోవద్దు. మట్టం పెరగకుండా, వాన పడకుండా ఊట పెరిగినా, తేటగా వచ్చే నీరు బురదగా మారినా, కట్టలోని మట్టి కొట్టుకుపోతోందేమోనని వెంటనే అనుమానించాలి. బుంగ పడేది అలాగే. ఆ నీటిని గాజు సీసాలో పట్టి కదపకుండా ఉంచు. అడుగున మట్టి పేరుకుంటే జలాశయ మట్టం తగ్గించడం మొదలుపెట్టి, ఆ తరువాత పైవారికి ఫోన్ చెయ్యి. ఊట పుట్టే చోట ముందు ఇసుక, దానిపైన కంకర పొరలుగా పోయించి, నీటిని పోనిస్తూ మట్టిని ఆపాలి. భయంతో ఆ రంధ్రాన్ని బంకమట్టితోనో సిమెంటుతోనో మూయించేవారిని నేను చాలామందిని చూశాను; అలా మూస్తే నీరు కట్టలోనే మరో దారి వెతుక్కుంటుంది.

కట్ట మీద సర్కారు తుమ్మను మొక్కగా ఉన్నప్పుడే పీకించు. చెట్టయ్యాక ఊరకే నరికేస్తే వేళ్లు లోపల కుళ్లి నీటికి సొరంగాలవుతాయి. పందికొక్కుల బొరియల సంగతీ అంతే.

ఇక గేట్లు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయినప్పుడు, పారే నీటిలోనే స్టాప్‌లాగ్‌లు (ఒకదానిపై ఒకటి దించే అడ్డుపలకలు) దించి ఆపడానికి సుమారు వారం పట్టింది. ఆ లోపల పదుల టీఎంసీల నీరు దిగువకు పోయింది. 2021 నవంబర్ 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగినప్పుడు అక్కడి ఐదు గేట్లలో ఒకటి పనిచేయడం లేదు. అందువల్ల వర్షాకాలానికి ముందే ప్రతి గేటునూ పూర్తిగా ఎత్తి దించి చూడు. నాలుగు అంగుళాలు కదిలించి 'పరీక్షించడమైనది' అని రాసే రిజిస్టర్లను నమ్మకు. స్టాప్‌లాగ్‌లు గాడిలో దిగుతున్నాయో లేదో కూడా అప్పుడే తేల్చుకోవాలి.

గేట్ల విషయంలో చాలామంది గమనించని చిక్కు ఒకటుంది. గాలివానకు కరెంటు లైను ట్రిప్పయితే టర్బైను ఆగిపోతుంది, అప్పటిదాకా అది తాగుతున్న నీరంతా మత్తడి వైపు మళ్లుతుంది, సరిగ్గా అదే సమయానికి గేట్ల మోటార్లకు కరెంటు ఉండదు. నీ కేంద్రంలో ఉన్నవి ఇండక్షన్ జనరేటర్లయితే గ్రిడ్ లేనిదే వాటంతట అవి కరెంటు పుట్టించలేవు కనుక, విద్యుత్ కేంద్రమే చీకట్లో కూర్చోవలసి వస్తుంది. డీజిల్ జనరేటర్‌ను ఖాళీగా తిప్పి చూడటం చాలదు. నెలకోసారైనా దానితోనే గేటు ఎత్తించు. అదీ మొరాయించిన రోజు కోసం చేతి హ్యాండిల్‌తో ఒక అడుగు ఎత్తడానికి ఎంతమంది కావాలో, ఎన్ని నిమిషాలు పడుతుందో స్వయంగా కొలిచి, గేట్లను ఎత్తే యంత్రముండే హాయిస్టు గదిలో రాయించి పెట్టు.

జలాశయం నిండుగా ఉంటే హెడ్ (నీరు పడే ఎత్తు) పెరిగి యూనిట్లు పెరుగుతాయి కాబట్టి, వానల మధ్యలోనూ మట్టం తగ్గించవద్దని నీ మీద ఒత్తిడి వస్తుంది. 1979 ఆగస్టు 11న గుజరాత్‌లో మచ్ఛు-2 ఆనకట్టకు స్పిల్‌వే (మత్తడి) సామర్థ్యాన్ని మించిన వరద వచ్చి, నీరు మట్టికట్టల మీదుగా పొర్లి, మోర్బీ పట్టణాన్ని ముంచింది. ఏ నెలలో ఏ మట్టం దాటకూడదో పట్టిక రాయించి పైవారి సంతకం తీసుకో. అర్ధరాత్రి అనుమతి కోసం ఎదురుచూడకుండా గేట్లు ఎత్తే అధికారం డ్యూటీలో ఉన్నవారికి ఉందని కూడా రాతపూర్వకంగానే తీసుకో. ఫోన్లు పనిచేయని రాత్రే దాని అవసరం పడుతుంది.

ఎత్తే ముందు మాత్రం సైరన్ మోగాలి. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో లార్జీ ఆనకట్ట నుంచి ఒక్కసారిగా వదిలిన నీటికి బియాస్ నదిలో 24 మంది హైదరాబాదు ఇంజనీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. దిగువన స్నానాల రేవులు, పశువులు దాటే చోట్లు ఎక్కడున్నాయో నడిచి చూసి, అక్కడికి సైరన్ వినిపిస్తోందో లేదో గాలి ఎదురుగా వీచే రోజున పరీక్షించు. నీటిని కూడా అంచెలంచెలుగా వదలాలి.

యంత్రాల సంగతి నీకు నాకన్నా బాగా తెలుసు. టర్బైనుకు నీరు వెళ్లే దారిలో చెత్తను ఆపే జాలీ, అంటే ట్రాష్ ర్యాక్, దాని మీది చెత్త రోజూ తీయించు. 2020 ఆగస్టులో శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో మంటలు చెలరేగి తొమ్మిది మంది చనిపోయిన సంగతి గుర్తుంచుకుని, పొగలోనూ కనిపించేలా బయటికి దారి గుర్తులు పెట్టించు.

2021 నాటి ఆనకట్టల భద్రతా చట్టం 15 మీటర్లు మించిన ఆనకట్టలకూ, కొన్ని షరతులతో 10 నుంచి 15 మీటర్ల మధ్యవాటికీ వర్తిస్తుంది. నీ కట్ట అంతకన్నా పొట్టిదైనా వర్షాకాలానికి ముందూ తరువాతా తనిఖీ మానవద్దు. గత మూడేళ్ల వి-నాచ్ రీడింగులు దొరికితే నకలు పంపు, చూసి నా అభిప్రాయం రాస్తాను.

ఇట్లు,
మీ మామయ్య