వ్యాన్‌లో లిథియం బ్యాటరీ: మధ్యాహ్నం ఛార్జింగ్ ఎందుకు ఆగింది?

ప్రశ్న: పాత వ్యాన్ కొని, లోపల మంచం, చిన్న ఫ్రిజ్, ఫ్యాన్లు అమర్చుకుని నెలకోసారి కుటుంబంతో గండికోటకు వెళ్లి, రాత్రి అక్కడే ఉండి వస్తున్నాము. ట్యూబులర్ బ్యాటరీ తీసేసి 12.8 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీని మంచం కింద పెట్టించాను. ఇంటి దగ్గర పాత ఇన్వర్టర్‌తోనే ఛార్జి చేస్తున్నాను. దారిలో ఛార్జి ఎక్కడానికి మెకానిక్ ఇంజిన్ డైనమో నుంచి నేరుగా వైరు లాగాడు. మే నెలలో మధ్యాహ్నం పూట సోలార్ ఛార్జింగ్ ఆగిపోయి, సాయంత్రం దానంతటదే మొదలైంది. బ్యాటరీ చెడిపోయిందా? పిల్లలు ఆ మంచం మీదే పడుకుంటారు కనుక మా మామగారు భయపడుతున్నారు.
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: మీరు చెప్పిన తీరును బట్టి బ్యాటరీ చెడిపోయిందనిపించడం లేదు. 12.8 వోల్టులు అన్నారు కనుక అది 3.2 వోల్టుల సెల్‌లు నాలుగు కలిపిన లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం. ఈ రకాన్ని సాధారణంగా 0 నుంచి 45 డిగ్రీల మధ్యనే ఛార్జి చేయాలి. మన కడప ఎండల్లో తలుపులు మూసిన వ్యాన్ లోపల ఆ హద్దు దాటడానికి ఎంతోసేపు పట్టదు. దాటగానే లోపలి రక్షణ సర్క్యూట్, అంటే బీఎంఎస్, ఛార్జింగ్‌ను ఆపి, చల్లబడ్డాక మళ్లీ అనుమతిస్తుంది. అయితే అది చివరి కాపలా మాత్రమే. దానిమీదే రోజూ ఆధారపడితే బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. సోలార్ పలక ఎండలో ఉన్నా, బ్యాటరీకి గాలి తగిలేలా చూడండి. దుప్పట్లు, బట్టల సంచులు దాని చుట్టూ కుక్కకండి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఆ డైనమో వైరు. లిథియం బ్యాటరీ లోపలి నిరోధం చాలా తక్కువ కాబట్టి, ఖాళీగా ఉన్నప్పుడు డైనమో ఇవ్వగలిగినంత కరెంటునూ లాగేసుకుంటుంది. నిదానంగా వెళ్తున్నప్పుడు, చల్లబరిచే గాలి తక్కువై డైనమో మాడిపోయే ప్రమాదం ఉంది. పైగా ఛార్జింగ్ మధ్యలో బీఎంఎస్ కరెంటును ఆపేస్తే ఒక్కసారిగా వోల్టేజి ఎగసి డైనమో డయోడ్లు పోవచ్చు. డైనమోకూ బ్యాటరీకీ మధ్యలో, కరెంటును అదుపులో ఉంచే 30 ఆంపియర్ల డీసీ–డీసీ ఛార్జరు పెట్టించండి. గంట ప్రయాణానికి సుమారు 30 ఆంపియర్ అవర్లు ఎక్కుతాయి. రాత్రి ఫ్యాన్లకు అది ధారాళంగా సరిపోతుంది.

ఇదే విధంగా లాగిన వైరును గత వేసవిలో అనంతపురంలో ఒక వ్యాన్‌లో చూశాను. పాజిటివ్ టెర్మినల్ మీది నట్టు రెండు వేళ్లతో తిప్పితే తిరిగింది. లగ్గు (వైరు చివర బిగించే లోహపు ముక్క) దగ్గర ఎర్రటి తొడుగు గోధుమరంగుకు మాడి, పెళుసుబారి ఊడివచ్చింది. ఫ్యూజు లేనే లేదు. షార్టయితే ఈ బ్యాటరీ వేల ఆంపియర్లు ఇవ్వగలదు. వైరు నిప్పుకణికలా కాలుతుంది. అందుకే పాజిటివ్ టెర్మినల్‌కు జానెడు దూరంలోపే ఫ్యూజు ఉండాలి. వ్యాన్‌లో 1000 వాట్ల ఇన్వర్టరు వాడితే దానికి 90 ఆంపియర్ల పైచిలుకు కరెంటు పారుతుంది గనుక 125 ఆంపియర్ల ఫ్యూజు, 35 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేయించండి. డైనమో వైపు నుంచి వచ్చే వైరుకూ రెండు చివరలా ఫ్యూజులుండాలి.

మీ ఇంటి ఇన్వర్టర్‌లోని ఛార్జరు ట్యూబులర్ బ్యాటరీ కోసం చేసినది. కొన్ని ఛార్జర్లు ట్యూబులర్ వంటి సీసపు బ్యాటరీలను సరిచేయడానికి అప్పుడప్పుడూ 15 వోల్టులు దాటిస్తాయి. మీ బ్యాటరీకి 14.2 నుంచి 14.4 వోల్టులు చాలు, 14.6 దాటకూడదు. లిథియం సెట్టింగు లేకపోతే ఛార్జరు మార్చండి. నెల రోజులు వాడనప్పుడు నిండా ఎక్కించి ఎండలో వదిలేయకుండా, సగం ఛార్జితో ఉంచండి.

ఇక మామగారి భయం. కొన్ని స్కూటర్లలో వాడే నికెల్ రకంతో పోలిస్తే మీ బ్యాటరీ త్వరగా అంటుకోదు. కానీ బాగా దెబ్బతింటే మండే వాయువులు, విషవాయువులు దీని నుంచీ వస్తాయి. ఉబ్బినా, ఘాటైన వాసన వచ్చినా ఛార్జి చేయకండి. పొగ కనిపిస్తే ఏదీ సర్దుకోకుండా అందరినీ దించి, దూరంగా వెళ్లి 101కు ఫోన్ చేయండి. బ్యాటరీని పడక కింది నుంచి తీసి, బయటికి గాలిదారి ఉన్న పెట్టెలో బిగించండి. ఆ పనీ, ఫ్యూజుల పనీ పూర్తయ్యేవరకు పిల్లలను ఆ మంచం మీద పడుకోబెట్టకండి. అంతవరకు మామగారి మాటే వినండి.