గట్టుకు 30 మీటర్లు విడిచిపెడితే చాలునా?

ప్రశ్న: పెందుర్తి వైపు, మేఘాద్రిగెడ్డ జలాశయానికి ఎగువన ఒక లేఅవుట్‌లో 200 గజాల స్థలం కొన్నాము. జలాశయం అరకిలోమీటరు దూరంలో ఉంది కనుక నిబంధనలేవీ అడ్డురావని అమ్మినవారు చెప్పారు. అయితే స్థలాల వెనుక పారే చిన్న గెడ్డను (వాగును) వారే ఇటీవల మట్టితో పూడ్చి, తూము పెట్టి రోడ్డు వేశారు. విశాఖ తాగే నీటిలో కొంత ఈ గెడ్డల నుంచే చేరుతుంది కదా, మా ఇళ్ల వల్ల దానికి హాని కలుగుతుందా? ఇల్లు కట్టుకునే ముందు మేము ఏమి చూసుకోవాలి?
– ఒక పాఠకురాలు, పెందుర్తి

జవాబు: అమ్మినవారు మీకు సగం మాటే చెప్పారు. ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నిబంధనలు (2017) ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులు, జలాశయాల పూర్తి నీటిమట్టపు హద్దు నుంచి 30 మీటర్ల లోపల కట్టడాలు రాకూడదు. మీ స్థలం దానికి చాలా వెలుపల ఉంది. కాని అవే నిబంధనలు 10 మీటర్ల కంటే వెడల్పైన వాగుకు 9 మీటర్లు, అంతకు లోపు వాగుకు 2 మీటర్లు విడిచిపెట్టమంటున్నాయి. మీ వెనుక ఉన్న గెడ్డ రెవెన్యూ పటంలో నమోదై ఉంటే, దానిని పూడ్చడమే అన్నిటికంటే పెద్ద అతిక్రమణ.

మీరు అడిగిన హాని విషయానికి వస్తే, జలాశయంలోని నీరు గట్టు దగ్గర పుట్టదు. మైళ్ల దూరపు కొండవాలు మీద, పొలాల్లో, తోపుల్లో కురిసిన వాన మెల్లగా నేలలోకి ఇంకి, గెడ్డల వెంట దిగివస్తుంది. ఆ నేలను సిమెంటుతో, తారుతో కప్పినప్పుడు ఇంకవలసిన వాన ఒక్కపెట్టున పరుగెత్తి, పునాదుల కోసం తవ్విన మట్టిని, రోడ్ల మీది నూనెను, చెత్తను మోసుకువస్తుంది. మట్టి అడుగున చేరి పూడికగా మారితే జలాశయం పట్టే నీరు ఏటా తగ్గుతుంది. సెప్టిక్ ట్యాంకుల నుంచి ఊరే నీటిలోని నత్రజని, భాస్వరం వల్ల నాచు, గుర్రపుడెక్క పెరుగుతాయి. నీరు ఎంత మురికైతే శుద్ధి కేంద్రంలో పటిక అంత ఎక్కువ వేయాలి. అందులో సేంద్రియ పదార్థం ఎక్కువైతే క్లోరిన్ దానితో కలిసి ఆరోగ్యానికి మంచివికాని రసాయనాలు పుడతాయి. ఒక్క ఇంటితో ఇదంతా జరగదు, కాని గెడ్డకు ఇరువైపులా వెయ్యి ఇళ్లు లేచిన తరువాత తప్పు ఎవరిదో చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. 30 మీటర్ల నిబంధన గట్టును కాపాడుతుందే గాని వాలును కాపాడదని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

చిత్తడి నేలల నిబంధనలు ఆదుకుంటాయని కొందరు పాఠకులు అనుకుంటారు. కేంద్రం 2017లో తెచ్చిన ఆ నిబంధనలు తాగునీటి కోసమే ప్రత్యేకంగా కట్టిన జలాశయాలను తమ పరిధిలోంచి తప్పించాయి.

వాలును కాపాడే ప్రయత్నం మనవాళ్లు చేయకపోలేదు. హైదరాబాద్‌లోని ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల కోసం ఉమ్మడి రాష్ట్రంలో 1996లో వచ్చిన 111వ నంబరు జీవో 10 కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను నిరోధించింది. ఆ పరిధిలో నూనె కర్మాగారం పెట్టబోగా వచ్చిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు తాగునీటి పక్షానే నిలిచింది. 2022లో తెలంగాణ ప్రభుత్వం ఆ ఆంక్షలను తొలగించడం నాకు బాధ కలిగించిన నిర్ణయం. అమెరికాలోని ఉత్తర కెరొలినా రాష్ట్రం మరో దారి పట్టింది. అక్కడి 1989 నాటి చట్టం కింద పరీవాహక ప్రాంతాలను, అంటే జలాశయానికి నీరు చేరే నేలను, తరగతులుగా విభజించి, ఎంత నేలను కప్పవచ్చో స్థానిక సంస్థలే అమలు చేసేలా చేశారు. ఒక తరగతిలో సాధారణ నిర్మాణాలకు జలాశయానికి అరమైలు లోపల 6 శాతం, మిగతా పరీవాహకంలో 12 శాతం నేలకు మించి కప్పకూడదు. కొండలు ఇంత దగ్గరగా ఉన్న మన ముడసర్లోవ, మేఘాద్రిగెడ్డ జలాశయాలకు ఇటువంటి శాతపు లెక్క మాస్టర్‌ప్లాన్‌లోనే ఉండాలని నా అభిప్రాయం.

ఇక మీరు చేయవలసినది. ముందుగా తహసీల్దారు కార్యాలయంలో గ్రామ పటం నకలు తీసుకుని, ఆ సర్వే నంబరులో గెడ్డ ఉందేమో చూడండి. ఉంటే, పూడ్చిన చోటి ఫొటోలతో తహసీల్దారుకు, లేఅవుట్‌కు అనుమతి ఇచ్చే అధికారులకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, రసీదు దాచుకోండి. మీతో పాటు స్థలాలు కొన్నవారు కూడా సంతకం చేస్తే మంచిది. గెడ్డ తెరుచుకునేదాకా పునాది తీయకండి, ఎందుకంటే పూడ్చిన దారినే వాన నీరు మీ ఇంటిలోకి వెతుక్కుంటూ రావచ్చు. కట్టేటప్పుడు సెప్టిక్ ట్యాంకు ఊరకుండా కట్టించి, దాని ఇంకుడు గుంతను గెడ్డకు వీలైనంత దూరంగా పెట్టండి. పెరట్లో గచ్చు వేయకుండా మట్టినేలగానే ఉంచండి.