మద్యం, డిప్రెషన్ మీద ప్రాజెక్టు: మనకు అసలు డేటా ఎక్కడ దొరుకుతుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ సైకాలజీ చదువుతున్నారు. మద్యం అలవాటుకూ డిప్రెషన్‌కూ ఉన్న సంబంధం మీద ప్రాజెక్టు చేయాలి. అమెరికాలో ఇలాంటి డేటా ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చని విన్నారు. మన దేశంలో అలాంటిది ఉందా అని అడుగుతున్నారు.

మన దగ్గర రిపోర్టులకు కొదవ లేదు. వాటి వెనక ఉండే ఫైలు, అంటే ఒక్కో మనిషి చెప్పిన జవాబులు ఒక్కో వరుసలో ఉండే ఫైలు, అది దొరకడమే కష్టం. నేను కొన్నేళ్లు ఇక్కడే ఒక ప్రజారోగ్య బృందంలో లెక్కల పని చూశాను. ఇప్పటికీ తెలిసినవాళ్ల పిల్లలు థీసిస్ పట్టుకుని వస్తుంటారు. చాలామంది టాపిక్ ఖాయం చేసుకుని, గైడ్‌తో సంతకం పెట్టించుకుని, ఆ తర్వాత డేటా వెతకడం మొదలుపెడతారు. మీరు మాత్రం ఫైలు చేతికొచ్చాకే టాపిక్ ఖాయం చేసుకోండి.

వెతగ్గానే మీకు ముందు కనిపించేది బెంగళూరు నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే. పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందన్న మాట అక్కడిదే. ఆ 10.6లో మద్యం వ్యసనం కూడా కలిసే ఉంది, పొగాకు మాత్రం లేదు. కాబట్టి దాన్ని డిప్రెషన్ లెక్కలా వాడకూడదు. ఇంకో సంగతి, ఆ సర్వే జరిగింది 12 రాష్ట్రాల్లోనే. దక్షిణాది నుంచి తమిళనాడు, కేరళ ఉన్నాయి. తెలంగాణా లేదు, ఆంధ్రప్రదేశూ లేదు. అయినా 'తెలంగాణలో పదిమందిలో ఒకరికి' అని రాసిన సినాప్సిస్‌లు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి.

మత్తు పదార్థాల మీద పెద్ద సర్వే అంటే 2019లో రిపోర్టు వచ్చినది. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్‌లోని డ్రగ్ చికిత్స కేంద్రం చేసింది. రెండు లక్షల ఇళ్లకు వెళ్లారు, 10 నుంచి 75 ఏళ్ల వాళ్లను అడిగారు. మద్యం తాగేవాళ్లు 14.6 శాతం, అంటే దాదాపు 16 కోట్ల మంది అని తేల్చారు. హెరాయిన్ లాంటివి వాడేవాళ్లు ఇంటి గుమ్మం దగ్గర నిజం చెప్పరు కదా. అందుకని వాడేవాళ్ల ద్వారానే ఇంకా వాడేవాళ్లను పట్టుకుంటూ పోయే వేరే పద్ధతి కూడా కలిపారు. ఆ భాగం తప్పకుండా చదవండి, రిపోర్టు మొత్తంలో నాకు నచ్చింది అదే. రిపోర్టులో రాష్ట్రాల పట్టికలు ఉన్నాయి, సెమినార్‌కు సరిపోతాయి. మీ ప్రాజెక్టుకు కావలసింది పట్టిక కాదు కదా.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే సంగతి వేరు. దాని ఐదో విడత 2019-21లో జరిగింది. అందులో తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో 43.3 శాతం, ఆడవాళ్లలో 6.7 శాతం మద్యం తాగుతారని ఉంది. ఆంధ్రలో ఇవే 23.3, 0.5. జిల్లాల ఫ్యాక్ట్ షీట్లు కూడా ఉన్నాయి, హైదరాబాద్‌ది విడిగా దొరుకుతుంది. అయితే ఈ అంకెను ఎలా సేకరించారో చూడండి. ఇంట్లో ఒక్కరిని కూర్చోబెట్టి, మిగతా అందరి గురించీ ఆ ఒక్కరినే అడిగి రాసుకున్నది ఇది. కోడలు తాగుతుందని అత్తగారు సర్వేకు వచ్చిన అమ్మాయితో చెప్తుందా? 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లను, 15 నుంచి 54 ఏళ్ల మగవాళ్లను నేరుగా అడిగిన ప్రశ్నలు వేరే ఫైల్లో ఉంటాయి, మీరు వాడాల్సింది అవి. దీని అసలు ఫైళ్లు ఇన్నాళ్లూ అమెరికా సాయంతో నడిచిన డీహెచ్‌ఎస్ (చాలా దేశాల్లో జనాభా, ఆరోగ్య సర్వేలకు తోడ్పడే కార్యక్రమం) వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకుంటే ఉచితంగా వచ్చేవి. 2025 మొదట్లో ఆ సాయం ఆగిపోయి కార్యక్రమమే దెబ్బతింది. ఇప్పుడు కొత్తగా పేరు నమోదు చేసుకోనిస్తున్నారో లేదో ముందు చూసుకోండి, అనుమతి మాత్రం మీ పేరు మీదే తీసుకోవాలి.

ఇంతా చేస్తే ఆ సర్వేలో డిప్రెషన్ ప్రశ్నలు లేవు. భర్త తాగుతాడా, ఎంత తరచుగా తాగి వస్తాడు, కొడతాడా అన్నవి మాత్రం ఉన్నాయి. టాపిక్‌ను అటు మళ్లించుకోగలిగితే బంగారం లాంటి డేటా అది.

మద్యం, డిప్రెషన్ రెండూ ఒకే మనిషి దగ్గర అడిగిన భారతీయ ఫైలు కావాలంటే లాసీ (LASI, వయసు పైబడుతున్నవాళ్ల మీద చేసే జాతీయ సర్వే) చూడండి. ముంబయిలోని జనాభా అధ్యయన సంస్థ 2017-18లో చేసిన మొదటి విడత, 72 వేలకు పైగా మనుషులు, తెలంగాణ కూడా ఉంది. చిక్కల్లా అది 45 ఏళ్లు దాటినవాళ్లది. కాలేజీ కుర్రాళ్ల మీద చేద్దామనుకుంటే పనికిరాదు. ఫారం నింపి, దేనికి వాడతారో రాసి, అడగాలి. డబ్బులేమీ కట్టక్కర్లేదు. ఈ పద్ధతిలో డేటా అడిగినప్పుడల్లా గైడ్ సంతకం ఉన్న లెటర్‌హెడ్‌కు త్వరగా జవాబు రావడం, సొంత మెయిల్‌కు రాకపోవడం చూశాను.

అమెరికాది మీరు విన్నట్టే చాలా సులువు. అక్కడ ఎన్‌ఎస్‌డీయూహెచ్ (NSDUH) అనే సర్వేలో ఏటా 12 ఏళ్లు, ఆపైన ఉన్న దాదాపు 70 వేల మందిని మత్తు అలవాట్లూ మానసిక ఆరోగ్యం రెంటి గురించీ కలిపి అడుగుతారు. ఫైలు ఎవరినీ అడగకుండా దింపుకోవచ్చు. మనుషులను గుర్తుపట్టకుండా రాష్ట్రం పేరు లాంటివి తీసేసి ఇస్తారు. 2020లో సర్వే పద్ధతి మారింది, అందుకని అంతకు ముందు సంవత్సరాలతో పోల్చి గ్రాఫ్ గీయకండి. సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడానికి అది మంచి ఫైలు. దాని ఫలితాలు తెచ్చి ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ఓపీకి అంటిస్తే మాత్రం ఎవరూ ఒప్పుకోరు.

ఆర్‌టీఐ వేయమని ఎవరో ఒకరు మీకు చెప్తారు. ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. నేను ఒక ఆఫీసులో డీఅడిక్షన్ కేసుల వివరాలు వయసుల వారీగా అడిగితే, ఆ రూపంలో మా దగ్గర లేవని ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది. చట్టం ప్రకారం వాళ్లు తమ దగ్గర ఉన్నది ఇవ్వాలి, మీకోసం కొత్తగా పట్టిక తయారుచేయక్కర్లేదు. కాబట్టి వాళ్లు నెలనెలా పైకి పంపే నివేదిక పేరు తెలుసుకుని, దాని కాపీ అడగండి.

ఇవేవీ కుదరక మీరే ఎర్రగడ్డలోనో ఇంకెక్కడో సొంతంగా సర్వే చేస్తే, ఎథిక్స్ కమిటీకి ఇప్పుడే పెట్టండి. ప్రశ్నాపత్రంలో కల్లును మద్యంతో కలిపేయకండి. జాతీయ సర్వేల్లో కల్లు మద్యం కింద పోతుంది, నిద్రమాత్రల లాంటి మందులకు వేరే గడి ఉంటుంది. తెలంగాణలో కల్తీ కల్లులో కలిపేది ఆల్‌ప్రజోలం, డైజీపామ్, క్లోరల్ హైడ్రేట్. తాగేవాడికి తాను మందు బిళ్ల మింగుతున్నట్టు తెలియదు, కాబట్టి రెండో గడిలో 'లేదు' అనే చెప్తాడు. 2015లో కల్తీ కల్లు మీద అధికారుల దాడులు పెరిగి సరఫరా తగ్గినప్పుడు, అలవాటైన మత్తు అందక వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు, వాళ్లెవరూ ఏ సర్వేలోనూ మందుల వాడకందారులుగా కనిపించి ఉండరు. అందుకని 'కల్లు కాంపౌండ్‌కు వెళ్తారా?' అని విడిగా అడగండి. దాని కిందే, ఒకట్రెండు రోజులు కల్లు దొరక్కపోతే నిద్ర పట్టకపోవడం, చేతులు వణకడం, ఫిట్స్ రావడం ఉందా అని అడిగి రాసుకోండి.