చివరి రోజుల్లో మత్తు ఇస్తే ప్రాణం తీసినట్టా?

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు. ఊపిరితిత్తుల క్యాన్సర్ బాగా ముదిరింది. ఇక కొద్ది రోజులే అన్నారు. మార్ఫిన్ ఇస్తున్నా ఆయాసం తగ్గడం లేదు. రాత్రంతా పలవరిస్తూ మంచం దిగబోతున్నారు. మత్తు మందుతో నిద్రపుచ్చుదామని డాక్టర్లు అంటున్నారు. అలా చేస్తే ఇంకా త్వరగా పోతారని అన్నయ్య ఒప్పుకోవడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: మీ అన్నయ్యది తప్పేమీ కాదమ్మా. ఆ సంతకం పెట్టాలంటే ఎవరి చేయైనా వణుకుతుంది. కానీ ప్రాణం తీయడం వేరు, ఇది వేరు. ఇక్కడ మందు మోతాదును నిర్ణయించేది బాధే. బాధ అణిగేంత మత్తు ఇస్తారు, అక్కడ ఆపుతారు. నాన్నగారిని తీసుకెళ్లేది జబ్బే, ఈ నిద్ర కాదు. వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి బేరీజు వేసే కొక్రేన్ సంస్థ సమీక్ష 2015లో 14 అధ్యయనాలను పరిశీలించింది. మత్తు ఇవ్వడం వల్ల ఆయుష్షు తగ్గిందనడానికి ఆధారం దొరకలేదు. ఆ అధ్యయనాల్లో ఎవరికి మత్తు ఇవ్వాలో చీటీలు తీసి నిర్ణయించలేదు కాబట్టి ఆ ఫలితం అంత గట్టిది కాదన్నది నిజమే. నరకయాతన పడుతున్న మనిషి విషయంలో అలా ఎవరు చేయగలరు?

ఒప్పుకునే ముందు ఒక్కటి అడగండి: ఈ పలవరింతకు సరిచేయగల కారణం ఇంకేదైనా ఉందా? మూత్రం బిగుసుకుపోయినా, విరేచనం కాక కడుపు ఉబ్బినా ఇలాగే మంచం దిగబోతారు. ట్యూబు వేసి మూత్రం తీయగానే శాంతించిన వాళ్లను చాలామందిని చూశాను. పలవరింతను తగ్గించే హాలోపెరిడాల్ లాంటి మందు ఇచ్చి చూశారా అనీ అడగండి. నిద్రపుచ్చడానికని మార్ఫిన్ పెంచుకుంటూ పోవడం మాత్రం సరికాదు. దానివల్ల ఒళ్లు ఉలికిపడటం, పలవరింత ఎక్కువవుతాయి.

ఇవన్నీ చూశాక కూడా బాధ తగ్గకపోతే, నాన్నగారి స్థానంలో మా నాన్న ఉన్నా నేను సరేనంటాను. ఎక్కువగా వాడేది మిడాజోలామ్ అనే మత్తు మందు. చర్మం కింద సన్నని సూది పెట్టి, చిన్న పంపుతో కొద్దికొద్దిగా ఎక్కిస్తారు. దాని ప్రభావం ఎక్కువసేపు ఉండదు కాబట్టి తగ్గిస్తే తెలివి రావచ్చు. మొదట ఒక్క రాత్రికే ఇచ్చి, పొద్దున ఎలా ఉన్నారో చూడమని కోరవచ్చు. అన్నయ్యకు ఇది కొంచెం ధైర్యం ఇస్తుంది. మార్ఫిన్ మాత్రం ఆపకూడదు. మత్తులో ఉన్నా నొప్పి ఉంటుంది.

సెలైన్ పెట్టాలా వద్దా అనేది విడిగా మాట్లాడుకోవాల్సిన సంగతి. నోట్లో మాత్రం ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. పెదవులు, నాలుక తడుపుతూ ఉండండి.

మందు మొదలుపెట్టాక మాటలు ఉండకపోవచ్చు. అందుకే కాస్త తెలివిగా ఉన్న వేళ చూసి, ఆయన కోరిక ఏమిటో అడగండి. ఆయనతో చెప్పుకోవాల్సినవి అన్నయ్య, మీరు ముందే చెప్పుకోండి. నిద్రలో ఉన్నా చేయి పట్టుకుని పలకరిస్తూనే ఉండండి, వినిపిస్తుండవచ్చు. గొంతులో గురగుర మొదలైతే కంగారుపడకండి. అది వినేవాళ్లకే ఎక్కువ కష్టం. ఆయన్ను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, నర్సును పిలవండి.